వరం ఎవరి చేతుల మీదుగా?

1974 డిసెంబరులో బెంగళూరు హచిన్స్ రోడ్డులో ఒక సదస్సు జరిగింది. భారత కాథలిక్ బిషప్పుల తరఫున బైబిలు బోధన, ఆరాధన పద్ధతులు చూసే జాతీయ కేంద్రం అక్కడే ఉంది. దేశం నలుమూలల నుంచి వేదాంత పండితులు వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ముందున్న ప్రశ్న సూటిగా ఉంది. ఉపనిషత్తుల్లో, గీతలో, బౌద్ధ గ్రంథాల్లో, ఖురానులో దేవుడు మాట్లాడాడని క్రైస్తవుడు ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే గుడిలో ఆరాధన జరిగే వేళ బైబిలుతో పాటు వాటినీ చదవవచ్చా?

ఆ కేంద్రాన్ని 1967లో స్థాపించినవాడు డి.ఎస్. అమలోర్పవదాస్. తమిళనాడుకు చెందిన ఫాదరీ. దేశంలో పుట్టిన క్రైస్తవం ఈ దేశపు మనిషిలా నడవాలని, కూర్చోవాలని, దణ్ణం పెట్టాలని పట్టుబట్టినవాడు. ఆయన కృషి వల్లనే 1969లో పన్నెండు మార్పులకు రోమ్ అనుమతి దొరికింది. చెప్పులు బయట విడవడం, నేల మీద కూర్చోవడం, మోకరించే బదులు చేతులు జోడించి వంగడం, కొవ్వొత్తికి బదులు నూనె దీపం, హారతి పళ్ళెం అలా వచ్చినవే. గ్రంథాల సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. బైబిలేతర గ్రంథాలను ఆరాధనలో చదవడం ఆపమని 1975లో రోమ్ చెప్పింది. మరో పదేళ్ళకు విక్టర్ కులందై అనే కాథలిక్ గృహస్థుడు, భారతదేశంలో చర్చిని అన్యదేవతల పాలు చేస్తున్నారని ఆరోపిస్తూ ఏకంగా ఒక పుస్తకమే వేశాడు.

ఈ తగువు అప్పటికి పద్దెనిమిది వందల ఏళ్ళ పాతది. హచిన్స్ రోడ్డులో రెండు పక్షాలూ వాడిన మాటలన్నీ రోము సామ్రాజ్యంలో క్రైస్తవం ఇంకా చిన్న గుంపుగా ఉన్న రోజుల్లోనే పుట్టాయి.

జస్టిన్ అనే ఆయన పాలస్తీనాలో, నేటి నాబ్లస్ ఉన్నచోట, రెండో శతాబ్దం తొలినాళ్ళలో పుట్టాడు. సత్యం కోసం గురువుల ఇళ్ళు తిరిగాడు. తన తిరుగుడంతా తానే రాసిపెట్టాడు. మొదటి గురువుకు దేవుడి ప్రస్తావనే పట్టలేదు. అరిస్టాటిల్ సంప్రదాయం వాడొకడు నాలుగు రోజులు తిరక్కుండానే ఫీజు ఎంతో తేల్చుకుందామన్నాడు. పైథాగరస్ మార్గం గురువు ముందు సంగీతం, ఖగోళం, జ్యామితి నేర్చుకుని రమ్మని పంపేశాడు. ప్లేటో శిష్యుల దగ్గర కొంతకాలం మనసు కుదిరింది. చివరికి సముద్రపు ఒడ్డున ఒక ముసలాయన కలిసి హెబ్రీ ప్రవక్తల గురించి చెప్పాడు. అక్కడ జస్టిన్ దారి మారింది. అయినా తత్వవేత్తలు కప్పుకునే ఉత్తరీయం మాత్రం తీసేయలేదు. క్రైస్తవుడయ్యాక కూడా దాన్నే కప్పుకుని రోములో పాఠాలు చెప్పాడు.

ఉత్తరీయం ఎందుకు విడవలేదో ఆయన రాతల్లో తెలుస్తుంది. లోకాన్ని సృష్టించిన దైవవాక్కు ప్రతి మనిషిలోనూ విత్తనంగా పడి ఉందని ఆయన నమ్మాడు. సోక్రటీసు, హెరాక్లిటస్ లాంటివాళ్ళు ఆ వాక్కును అనుసరించి బతికారు కాబట్టి, క్రీస్తు పుట్టకముందు బతికినా వాళ్ళు క్రీస్తువాళ్ళేనన్నాడు. ఎవరు ఏ మంచి మాట అన్నా అది దేవుడు విత్తిన విత్తనం తాలూకు మొలకేనన్నది ఆయన లెక్క. 1965లో రెండో వాటికన్ మహాసభ ఇతర మతాల గురించి మాట్లాడుతూ ఈ విత్తనాల మాటనే మళ్ళీ బయటికి తీసింది. బెంగళూరు సదస్సుకు ధైర్యం వచ్చింది అక్కడి నుంచే.

అదే జస్టిన్ గ్రీకు దేవతల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా వేరే మనిషి. డయొనీసస్ కథలోనో పెర్సియస్ పుట్టుకలోనో క్రీస్తు కథను పోలిన సంగతి కనిపిస్తే, ప్రవక్తలు ముందే చెప్పినదాన్ని దయ్యాలు విని జనాన్ని మోసగించడానికి అల్లిన నకలు అని తేల్చేశాడు. సోక్రటీసుకు దొరికిన విత్తనం, దీపం పెట్టి దేవతకు మొక్కే మామూలు మనిషికి దొరకలేదన్నమాట. ఒకే మనిషి, ఒకే పుస్తకం, రెండు తూకాలు.

జస్టిన్‌ను తేలిగ్గా తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన కాలంలో దేవతలు ఊరి చివరి చెట్టు కింద కూర్చున్న అమాయకపు దేవతలు కారు. వాళ్ళ ముందు బలి ఇవ్వడం రాజ్యం పెట్టిన పరీక్ష. ఆ పరీక్షకు ఒప్పుకోకపోతే తల పోయేది. 165 ప్రాంతంలో రోములో జస్టిన్ తల పోయింది కూడా అందుకే. ప్రాణం తీసే దేవతల్లో వరమేదైనా ఉందా అని వెతకమని ఎవరడుగుతారు?

జస్టిన్ తరవాతి తరంలో క్లెమెంట్ అనే క్రైస్తవ గురువు అలెగ్జాండ్రియాలో ఉన్నాడు. ఓడల మీద సరుకుతో పాటు కబుర్లూ దిగే రేవు అది. ఇండియా గురించి ఆయనకు వినికిడి ఉంది. బ్రాహ్మణులను, శ్రమణులను పేర్కొన్నాడు. బుద్ధుడి ఉపదేశాన్ని పాటించేవాళ్ళు ఇండియాలో ఉన్నారనీ, అతని మహిమ చూసి అతన్ని దేవుడిగా కొలుస్తారనీ రాశాడు. క్రైస్తవ రచనల్లో బుద్ధుడి పేరు కనపడేది బహుశా ముందుగా ఇక్కడే. యూదులకు ధర్మశాస్త్రం ఎలా బాలశిక్ష అయిందో గ్రీకులకు తత్వశాస్త్రం అలా బాలశిక్ష అయిందని, రెండూ దేవుడిచ్చినవేనని ఆయన వాదన. అయితే ఆయన కూడా దేవతల పూజల మీద, విగ్రహాల మీద, రహస్య వ్రతాల మీద ఒక పుస్తకం నిండా నిప్పులు కురిపించాడు. కార్తేజ్‌లో ఉన్న క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్‌కు ఈ మెత్తదనం కూడా గిట్టలేదు. ఏథెన్సుకీ యెరూషలేముకీ పొత్తేమిటని గద్దించాడు.

నాలుగో శతాబ్దం మొదట్లో లాక్టాన్షియస్ ఒక లోతైన సంగతి పట్టుకున్నాడు. అలంకార శాస్త్రం బోధించి బతికిన ఈ ఆఫ్రికా పండితుడు తన పెద్ద గ్రంథంలో ఒక భాగానికి నిజమైన జ్ఞానం, నిజమైన మతం అనే పేరు పెట్టాడు. ఆయన ఫిర్యాదు ఇది: తత్వవేత్త జ్ఞానం చెబుతాడు కానీ ఎలా మొక్కాలో చెప్పడు. గుడి పూజారి మొక్కుబడులు చేయిస్తాడు కానీ ఎలా బతకాలో చెప్పడు. జ్ఞానం ఒకచోట, పూజ ఒకచోట పడిపోయాయి, రెండూ ఒక్కచోట ఉంటేనే నిజం. చర్చి పితరులనే ఈ తొలి శతాబ్దాల రచయితల్లో తక్కినవాళ్ళు చూసీ చూడనట్టు వదిలేసిన చీలికను ఈయన కనీసం చీలిక అన్నాడు. ఆ చీలికకు తాము కూడా ఒక చెయ్యి వేస్తున్నామని మాత్రం ఆయన గమనించలేదు. తత్వవేత్తను పిలిచి పీట వేసి, పూజ చేసుకునే మనిషిని గుమ్మం బయటే నిలబెట్టిన మతం అది.

ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 410లో గోతులు రోమును దోచుకున్నారు. పాత దేవతలను వదిలేసినందుకే ఈ గతి పట్టిందని జనం అంటుంటే, జవాబుగా అగస్టీన్ 413 నుంచి 426 దాకా పదమూడేళ్ళు కూర్చుని దేవుని నగరం గురించి ఇరవై రెండు భాగాల గ్రంథం రాశాడు. అందులో నాలుగో భాగంలో రోమను రైతుల దేవతల జాబితా ఉంది. నేలలో ఉన్న విత్తుకు ఒక దేవత, సేయా. మొలక పైకి వచ్చాక సెగేషియా. కోసి గాదెకు చేర్చాక కాపలాకు టుటిలీనా. అంతటితో ఆగలేదు. దంటు కణుపు వేసేటప్పుడు ఒకరు, పొట్ట చుట్టుకునేటప్పుడు ఒకరు, పొట్ట విచ్చి వెన్ను బయటపడేటప్పుడు ఒకరు. గింజ పాలు పోసుకునేటప్పుడు చూసుకోవడానికి లాక్టర్నస్ అని ఒక దేవుడు. ఇంటి గుమ్మానికి కూడా ముగ్గురు: తలుపుకు ఫోర్క్యులస్, బందుకు కార్డియా, గడపకు లిమెంటీనస్. మనిషిని పెడితే ఒక్క కాపలాదారుడు చాలిన గుమ్మానికి ముగ్గురు దేవతలు కావలసి వచ్చారా అని అగస్టీన్ ఎగతాళి చేశాడు.

ఈ జాబితాను వరి పండించే ఇంట్లో పుట్టిన తెలుగు పాఠకుడు చదివితే వేరే సంగతి తోస్తుంది. పొట్ట దశ, పాలు పోసుకునే దశ అని గోదావరి జిల్లాల్లో, నెల్లూరులో ఈనాటికీ రైతు లెక్కవేస్తాడు. పాలు పోసుకునే వారంలో వాన పడితే ఏమవుతుందో, గాలి కొడితే ఏమవుతుందో వాడికి తెలుసు. ప్రతి దశకూ ఒక దేవతను పెట్టుకున్న ఆ రోమను రైతు పైరును ఎంత దగ్గరగా చూశాడో! ఆ చూపులో జ్ఞానం ఉంది. అది పుస్తకాలకెక్కలేదు గనక జ్ఞానంగా అగస్టీన్ కంటికి ఆనలేదు. ప్లేటో అనుచరులకు ఆయన ఎనిమిదో భాగంలో ఎంతో మర్యాద ఇచ్చాడు. సేయాకు పావు వంతు కూడా ఇవ్వలేదు.

అదే నాలుగో భాగంలో ఆయన ఇంకో మాట అన్నాడు. అది నిలబడే మాట. సౌభాగ్యానికీ సద్గుణానికీ రోమన్లు గుళ్ళు కట్టి దేవతలుగా కొలిచారు. అవి దేవతలు కావు, దేవుడిచ్చే వరాలు, వరాన్ని పూజించి ఇచ్చినవాణ్ణి మరిచిపోతారా అని అడిగాడు. వరాన్నీ ఇచ్చేవాణ్ణీ విడదీసి చూడమనే ఈ వాదన రోమన్ల మీద బాగానే పనిచేసింది. బెంగళూరులో పనిచేస్తుందా?

మెజెస్టిక్ బస్సు స్టాండు దగ్గర అణ్ణమ్మ గుడి ఉంది. బెంగళూరు గ్రామదేవత ఆమె. మద్రాసు బిషప్పుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద అచ్చువేసిన పుస్తకంలో ఈ గుడి ప్రస్తావన తెచ్చాడు. ఆ గుడిలో కొలువైన అక్కచెల్లెళ్ళ దేవతల్లో దగ్గుకు ఒక అమ్మ, తట్టుకు ఒక అమ్మ ఉన్నారని రాశాడు. అగస్టీన్ చదివితే తన రోమను జాబితా పక్కనే దీన్నీ చేర్చుకునేవాడు. కానీ ఇక్కడ లెక్క వేరు. తెలుగు ఊళ్ళలో ఒంటి మీద పొక్కులు లేస్తే రోగం వచ్చిందనరు, అమ్మవారు పోసిందంటారు. వేపమండలు కడతారు, ఇంట్లో పోపు వేయరు, గట్టిగా మాట్లాడరు. ఇంటికి వచ్చింది అమ్మవారే. బాధా ఆమే, చల్లబరిచేదీ ఆమే. వరం ఒకటి, ఇచ్చేవాడు వేరొకడు అనే అగస్టీన్ కత్తికి ఇక్కడ కోయడానికి కీలు దొరకదు.

1898 ఆగస్టులో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. ఇరుకు పేటల్లో జనం పిట్టల్లా రాలారు. ఆ భయంలోంచే ప్లేగమ్మ పుట్టింది. ఆమె పేరుతో గుళ్ళు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. అదే ప్లేగు తరవాత మల్లేశ్వరం, బసవనగుడి లాంటి విశాలమైన పేటలు పెరిగాయి, పెద్ద ఆసుపత్రి వచ్చింది. పురపాలకులు వీధులు వెడల్పు చేస్తున్న ఆ ఏళ్ళలోనే పేటల్లో ఆడవాళ్ళు రోగానికి ఒక ముఖం, ఒక పేరు, తిట్టడానికీ బతిమాలడానికీ ఒక చిరునామా ఇచ్చుకున్నారు. ఈ రెండో పనిని మూఢత్వమని కొట్టిపారేయడం సులువు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి నోరు తెరిచి ఎవరితోనో మాట్లాడగలిగిందంటే ఆ ఊరట ఎక్కడి నుంచి వచ్చిందో వేదాంతి జవాబు చెప్పాలి.

శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికాలో ఈ జవాబు ఒక రకంగా జనమే చెప్పుకున్నారు. అక్కడ మరియమ్మకు చీర కడతారు. సెప్టెంబరు 8న ముగిసే పండుగ రోజుల్లో కాషాయం కట్టిన భక్తులు, హిందువులూ ముస్లిములూ కూడా, వరసలో నిలబడతారు. ఏ సదస్సూ తీర్మానించకుండానే, ఏ రోమూ అనుమతించకుండానే అక్కడికి పూల బుట్టలూ మొక్కులూ వచ్చి చేరాయి.

పండితుల దారి మాత్రం ఎప్పుడూ గ్రంథాల వైపే. బెంగళూరుకు ఉత్తరాన అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిక్కబళ్ళాపురంలో 1730ల్లో జాన్ కాల్మెట్ అనే ఫ్రెంచి జెస్యూట్ పనిచేశాడు. తెలుగు, సంస్కృతం బాగా నేర్చాడు. పారిస్ రాజగ్రంథాలయం కోసం వేదాల ప్రతులు సంపాదించి పంపిన వాళ్ళలో ముఖ్యుడు. ఏకేశ్వరుడి గురించిన సత్యాలు వేదంలో ఉన్నాయి గానీ ఇసుక కుప్పలో బంగారు రేణువుల్లా అక్కడక్కడా ఉన్నాయని ఆయన ఉత్తరాల్లో రాశాడు. వాటిని ఏరి విగ్రహారాధనను పడగొట్టడానికి వాడుతున్నామని కూడా రాశాడు. ఈ బంగారం మాట అగస్టీన్ నాటిది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వస్తూ అక్కడివాళ్ళ వెండి బంగారాలు తెచ్చుకున్నట్టే, అన్యుల విద్యలో మంచిని క్రైస్తవులు తెచ్చుకుని దేవుడి పనికి వాడవచ్చని అగస్టీన్ అన్నాడు. అంతకు ముందే ఓరిగెన్ అదే ఉపమానం ఒక శిష్యుడికి ఉత్తరంలో రాశాడు.

ఈ ఉపమానంలో ఒక లోపం ఉంది. బంగారం తెచ్చుకున్నాక ఇచ్చినవాడితో పని ఉండదు. ఐగుప్తు ఇరుగుపొరుగు ఇల్లాళ్ళు ఆ కథలో మళ్ళీ కనపడరు. ఆ దారిలో ఇంకొక అడుగు వేస్తే ఏమవుతుందో కాల్మెట్ ఉన్న ఆ ఫ్రెంచి మిషన్ల వాతావరణంలోనే తేలింది. విగ్రహారాధనను ఖండిస్తూ గురుశిష్య సంవాదంగా జెస్యూట్లు తయారుచేసిన ఎజూర్‌వేదం అనే పుస్తకం చేతులు మారి 1760 ప్రాంతంలో ఫ్రెంచి రచయిత వోల్తేరుకు దొరికింది. అది అసలు సిసలు ప్రాచీన వేదమని నమ్మి ఆయన లోకానికి చాటాడు. 1778లో అచ్చయింది. అది నిజమైన వేదం కాదని 1822లో అచ్చయిన వ్యాసంలో నిరూపించినవాడు ఫ్రాన్సిస్ ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని 1816లో తేల్చి చెప్పిన ఎల్లిస్సే ఇతను. పొరుగువాడి నోట మనకు కావలసిన మాట పెట్టడం కన్నా, అతను చెప్పేది నచ్చకపోయినా వినడం ఎంతో మేలు.

నెల్లూరులో 1886లో పుట్టిన పండిపెద్ది చెంచయ్య ఈ ఏరివేత పద్ధతికే ఎదురు తిరిగాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి చిన్ననాడే తండ్రితో పాటు క్రైస్తవుడైనవాడు, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు. 1938లో మిత్రులతో కలిసి భారతదేశంలో క్రైస్తవాన్ని మళ్ళీ ఆలోచించమంటూ ఒక సంపుటం తెచ్చాడు. పాశ్చాత్య సిద్ధాంతాల మూట విప్పి పక్కన పెట్టి క్రీస్తును నేరుగా చూడమన్నాడు. హిందూ సంప్రదాయాన్ని శత్రువుగా చూసే అలవాటు పోయిందని, నేటి క్రైస్తవుడు దాన్ని తల్లిలా భావిస్తున్నాడని చెప్పాడు. యోగసాధన కూడా చేశాడు. ఆయన ఆలోచనల మీద 1966లో పుస్తకం వేసినది బెంగళూరులోని క్రైస్తవ మత సామాజిక అధ్యయన సంస్థ. నెల్లూరు మనిషి మాట నిలిచింది ఈ ఊరి అచ్చు వల్లనే. అయినా చెంచయ్య తల్లి అన్నది ఏ హిందూ సంప్రదాయాన్ని? ఆ రోజుల్లోనే తెలుగునాట క్రైస్తవుల్లో అత్యధికులు మాలలు, మాదిగలు. వాళ్ళకు వేదం వినే హక్కే లేదు. వాళ్ళ తల్లులు పోలేరమ్మ, అంకమ్మ, మాతంగి.

ఆ మాట పైకి అన్నది కూడా బెంగళూరులోనే. 1981లో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ శూద్ర వేదాంతం కావాలంటూ ప్రసంగించాడు. భారతీయ క్రైస్తవ వేదాంతమంటే బ్రాహ్మణ గ్రంథాలతో సంభాషణే అయిపోయిందని, చర్చిలో కూర్చున్నవాళ్ళ బతుకు అందులో ఎక్కడుందని అడిగాడు. దళిత వేదాంతానికి అది తొలి గొంతు. తెలుగువాడైన ఎం.ఇ. ప్రభాకర్ ఆ దారిలో వచ్చిన వ్యాసాలను 1988లో సంపుటంగా తెచ్చాడు. అదే కాలేజీలో బోధించిన సత్యనాథన్ క్లార్క్ 1998లో ఇంకా ముందుకు వెళ్ళి, తమిళ దళితులైన పరైయర్ల డప్పునూ వాళ్ళ ఎల్లైయమ్మనూ వేదాంత గ్రంథం మధ్యలో నిలబెట్టాడు. చదువు నిషేధించిన జనానికి డప్పే గ్రంథమని, దైవాన్ని వాళ్ళు దాని ద్వారానే పలికించారని ఆయన వాదన. హచిన్స్ రోడ్డు సదస్సు పేరులోనే గ్రంథాలున్నాయి కాబట్టి అక్కడ డప్పుకు చోటు దొరికే వీలే లేదు. అలా చూస్తే నిర్మల్, క్లార్క్ చేసినది ఆ సదస్సు ప్రశ్ననే అసలు ఇంటికి తీసుకెళ్ళడం. తెలుగు చర్చిల్లో చాలాచోట్ల అమ్మవారి కొలుపుల వాసన ఉందని డప్పును ఎంతోకాలం గుమ్మం దాటనివ్వలేదు. కీర్తనల పుస్తకం తెరిస్తే మాత్రం చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చై ఉంటాయి. శాస్త్రీయ రాగానికి దొరికిన ప్రవేశం డప్పు దెబ్బకు దొరకలేదు.

ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసే మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు ప్రాంతపు మాదిగ, తోళ్ళ వ్యాపారి. అతని కథ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో చెప్పులు కుట్టే జనం గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషన్ నడిపిన జాన్ క్లౌ భార్య ఆమె. పేరయ్య క్రీస్తు పేరు వినకముందే వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. మనసు నిలపడం, లోపలికి చూడడం, దైవం ఆత్మ అని తెలుసుకోవడం ఆమె దగ్గరే. ఆ గురువమ్మ బోధలో విగ్రహాలకు చోటు లేదు. తరవాత తోళ్ళ బేరం మీద ఉత్తరంగా వెళ్ళినప్పుడు మిషనరీ మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. తరవాత ఊరూరా తిరిగి బోధించినప్పుడు అతని మాట విన్నవాళ్ళలో చాలామంది అతని పాత యోగం తోటివాళ్ళు, శిష్యులు. 1878 జూలై 3న, గొప్ప కరువు చివర, గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను మిషనరీ చరిత్రలు పదేపదే చెబుతాయి. ఆ నది దాకా జనాన్ని తెచ్చిన దారిలో మొదటి మైళ్ళు వీరమ్మ వేసిందని అంత గట్టిగా చెప్పవు.

జస్టిన్ నాలుగు గురుకులాలు తిరిగినట్టే పేరయ్య తిరిగాడు. క్లెమెంట్ గ్రీకులకు ఉందన్న బాలశిక్ష పేరయ్యకు మాదిగ పల్లెలోనే దొరికింది. లాక్టాన్షియస్ విడిపోయాయన్న జ్ఞానమూ పూజా వీరమ్మ దగ్గర విడిపోలేదు. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. పేరయ్య పోలేరమ్మను వదిలినది మిషనరీ చెప్పినందుకు కాదు, అతని సొంత గురువమ్మ మార్గంలోనే. పల్లెలో ఉన్నవాళ్ళు దేవతల ముందు తల వంచుకుని మాత్రమే కూర్చోలేదు. తమలో తాము వాదించుకున్నారు, కొందరు విడిచారు, కొందరు పట్టుకున్నారు. చర్చి పితరులు ఆలోచించేవాళ్ళు ఒక పక్క, మొక్కేవాళ్ళు ఒక పక్క అని గీసిన గీత ఒంగోలు పల్లెల్లో చెరిగిపోతుంది. అమ్మవారి గుడిని వెనకేసుకొచ్చే ఈనాటి మేధావులు కూడా ఈ సంగతి మరవకూడదు.

కవి గుర్రం జాషువా 1941లో గబ్బిలం చేత శివుడికి కబురు పంపినప్పుడు ఈ గీతనే ఇంకోవైపు నుంచి చెరిపాడు. వినుకొండ క్రైస్తవ ఇంట్లో పుట్టి, గుడిలోకి రానివ్వని దేవుడితో గబ్బిలం ద్వారా మాట్లాడాడు. ఖ్రీస్తు చరిత్ర రాసి సాహిత్య అకాడమీ బహుమతి పొందిందీ ఆయనే. రెండూ ఒకే కలం రాయగలిగింది. అందుకు ఆయన ఇటువాళ్ళ చేతా అటువాళ్ళ చేతా మాటలు పడ్డాడు.

వీరమ్మ ఏం బోధించిందో ఈనాడు తెలియాలంటే ఒక అమెరికన్ ఇల్లాలు ఇంగ్లీషులో రాసిన కొన్ని పేజీలే ముఖ్యమైన ఆధారం. ఆమె పాడించిన తత్వాలు ఏవి, శిష్యులకు ఇచ్చిన మాట ఏది, స్త్రీ గురువు కాళ్ళకు మాదిగ మగవాళ్ళు ఎలా మొక్కారు, వీటిని ఆమె తెలుగులో ఎవరూ రాసుకోలేదు. బెంగళూరు సెమినరీల్లో ప్రకాశం నుంచి, పల్నాడు నుంచి, నెల్లూరు నుంచి వచ్చి చదువుకునే పిల్లలున్నారు. జస్టిన్ మీద, అగస్టీన్ మీద పరిశోధన పత్రాలు రాస్తారు. రాయాలి కూడా. వాళ్ళలో ఒకరిద్దరు సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతలను, నాయనమ్మలను కూర్చోబెట్టి, పేరయ్య తరం నుంచి ఇంట్లో మిగిలిన పాటలు, అచల తత్వమో రాజయోగమో తెలిసిన ముసలివాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసుకుని రావాలి. ఆ పల్లెల్లో తత్వాలు పాడే గొంతులు ఏటేటా తగ్గిపోతున్నాయి, ఈ పని వచ్చే తరానికి వదిలేసేది కాదు.